ముందు అడుగుట, పిమ్మట ఇచ్చుట

విపత్తు కలిగెనని వినగానే మన హృదయములు కరగును. చేతికందినది మూటగట్టి పంపుదుము. ఇది మెచ్చదగిన గుణమే. కాని బాధితులకేమి కావలయునో తెలిసికొనక ఇచ్చుట, రోగిని చూడకయే మందిచ్చుట వంటిది.

1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్తానును, అనగా నేటి బంగ్లాదేశును, ఘోరమైన తుపాను ముంచెత్తినది. ఢాకా కలరా పరిశోధనాలయమునకు చెందిన సోమర్, మోస్లీ యను వైద్యులు తమ బృందముతో గ్రామములలో విచారణ జరిపిరి. చెట్లను కౌగిలించుకొని ప్రాణము దక్కించుకొన్నవారి చేతులపై, ఎదపై ఒరిపిడి గాయములు కనబడినవి. కాని బ్రతికినవారికి మందులకంటె తిండియు, గూడును, సేద్యపు సాధనములును ముఖ్యమని తేలినది. అడుగకున్నచో ఇది తెలిసియుండునా?

ఇక మన సంగతి. 2022 సెప్టెంబరులో మన మహదేవపుర ప్రాంతమున చెఱువులు పొంగి వీధులు ఏఱులైనవి; జనమును పడవలపై, ట్రాక్టర్లపై తరలించిరి. మేడలవారి కష్టము పత్రికల కెక్కినది. రేకుల గుడిసెలలోని కూలీల కష్టము అంతగా ఎక్కలేదు. వారిలో తెలుగు తప్ప వేఱు భాష రానివారును కలరు. తెలియని భాషలో “జబ్బేమైన ఉన్నదా?” యని అడిగిన, ఆ తల్లి బెదరి “లేదు” అనును. లెక్కలో ఆ ఇంట అందఱును ఆరోగ్యవంతులే! ఆమె భాషలోనే, “ఇంట చూలాలున్నదా? క్షయకు, మధుమేహమునకు నిత్యము మందు వాడువారెవరు? ఆ మందు తడిసినదా? త్రాగునీరెక్కడిది?” అని అడిగినచో నిజము బయటపడును.

ఆకలితో నున్నవారిని ప్రశ్నలతో వేధింపవచ్చునా యని కొందఱందురు. అన్నము పెట్టుట ఆపనక్కఱ లేదు. పెట్టుచునే నాలుగు మాటలు అడుగవచ్చును.

తలిదండ్రులారా! మీ ఇంటివారి మందుల పేర్లు నేడే ఒక కాగితమున వ్రాసి, తడవని సంచిలో భద్రపఱచుడు. విచారణకు వచ్చువారిలో తెలుగు తెలిసినవారు ఒక్కరైన నుండవలయునని అధికారులను కోరుడు.

విద్యార్థులారా! ఇంట తెలుగు, వీధిలో కన్నడము పలుకు మీరు రెండు గట్టులను కలుపు వంతెన వంటివారు. వఱదనీటిలో దిగుట మీ పని కాదు. పెద్దల ప్రక్క నిలిచి, ఒకరి మాట మఱియొకరికి తెలుపుట మీ పని. అట్లు విన్న పరుల రోగముల సంగతి ఇతరులకు చెప్పకుడు.

ఒక్కటి మఱువరాదు. అడిగినవాడు ఇచ్చుటకు బద్ధుడు. అడిగి ఊరకుండుట, అసలే అడుగకుండుటకంటె పెద్ద దోషము.