మరుభూమి చిత్రకారిణులు



ఆస్ట్రేలియా ఖండమధ్యమున, ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమునకు ఈశాన్యముగా సుమారు 250 కిలోమీటర్ల దూరమున యుటోపియా యను ఎఱ్ఱమంటి ప్రదేశము గలదు. అచ్చటి ఆదిమవాసులలో అన్మచెర్ జాతికిఁ జెందిన ఎమిలీ కామే ఎంగ్వారే యను వృద్ధురాలి కథ మమ్ము మిక్కిలి యాలోచింపఁజేసినది.

ఆ జాతి స్త్రీలకు అవెల్య యను వ్రతము గలదు. జేగురు మొదలగు మన్నులను క్రొవ్వుతోఁ గలిపి, యెదపైని భుజములపైని రేఖలు దీర్చికొని, తమ భూమినిగూర్చిన పాటలు పాడుచు నాట్యమాడుదురు. ఏ రేఖలు ఏ కుటుంబమువో నియమము గలదు. హక్కు లేనివారు వానిని వ్రాయరాదు. ఎమిలీ యీ విద్యను పెద్దల సన్నిధిని నేర్చెను. కామే యనఁగా నొక కందమూలపు గింజయుఁ బువ్వును. ఆ కందమే యామె చిత్రములకు మూలము.

ఇవి వట్టి యలంకారములని తలంపరాదు. 1979లో ఆ భూమి హక్కునుగూర్చి విచారణ జరిగినప్పుడు, స్త్రీల పాటలును నాట్యములును సాక్ష్యములయ్యెను. దస్తావేజు లేనివారికి విద్యయే దస్తావేజయ్యెను.

1977 మొదలుకొని ఎమిలీ మైనముతోడి బట్టల యద్దకము నేర్చెను. 1988-89లో, డెబ్బదియెనిమిదేండ్ల ప్రాయమున, మొదటిసారి కాన్వాసుపై రంగులు వేసెను. 1996లో మరణించులోపల వ్రాసినవి సుమారు 3000 చిత్రములు! 1995లో 8 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల నల్లని గుడ్డపైఁ దెల్లని గీతలతోఁ గందమూలమును రెండు దినములలో వ్రాసెను. అది నేఁడు మెల్బోర్న్ చిత్రశాలయందున్నది.

విద్య యామెతో నంతరింపలేదు. మేనకోడలు కాథ్లీన్ పెట్యార్, నాయనమ్మవలన సంక్రమించిన ముండ్లతొండ కథను వ్రాసి, 1996లో నాదేశపు ఆదిమవాసి చిత్రకళాపురస్కారమును గెలిచెను. గ్లోరియా పెట్యార్ ఆకుల చిత్రమునకు 1999లో విన్ బహుమానము నందెను.

మేమును బడి నెఱుఁగము. తండ్రిగారి ముఖతః కావ్యములు చదివితిమి. మా యమ్మాయికిఁ జెప్పవలెనని పలుమాఱులు తలఁచి, పనులు తెమలలేదనియు, ముప్పది దాఁటినపిదప జ్ఞాపకము తగ్గినదనియు సాకులు చెప్పుచుంటిమి. ఎమిలీ కథ దెలిసిన పిదప నవి చెల్లవు. నిన్నటి సాయంకాలము చిన్నదానిని దగ్గఱఁ గూర్చుండఁబెట్టుకొని పద్యము మొదలిడితిమి. రెండవ పాదము తట్టలేదు, చిన్నది నవ్వినది. లేచి పుస్తకము దీసి చూచితిమి.

మనకుఁ జూచుకొనఁ బుస్తకమున్నది. ఆ మరుభూమి తల్లులు ఒక్క తరము చెప్పకున్న, తెఱచి చూచుటకు వారికేమియు లేదు. కనుకనే వారు మఱవలేదు.