వేసవిలో తవ్వనిదే వానాకాలం పండదు

అండమాన్‌లో సేద్యం మాటెత్తితే చాలామంది అనేది ఒకటే: ఏటా 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడేచోట ముందస్తు సన్నాహం దేనికి? తొలకరి పడ్డాక దుక్కి దున్నితే చాలదా? వినడానికి సబబుగానే ఉంటుంది. ఈ దీవుల రైతును ఏటా దెబ్బతీస్తున్నది మాత్రం ఈ మాటే.

మన తెలుగు జిల్లాల్లో మృగశిర కార్తెకు, ఏరువాక పున్నమికి అరక కట్టడం ఆనవాయితీ. నైరుతి రుతుపవనం అండమాన్ సముద్రాన్ని మామూలుగా మే మూడో వారంలోనే తాకుతుంది. మృగశిర వచ్చేసరికి ఇక్కడి పల్లపు మడులు నీళ్లలో ఉంటాయి. అక్కడ వాన రాలేదని బెంగ, ఇక్కడ వచ్చిన వాన పోలేదని బెంగ. ఈశాన్య రుతుపవనం కూడా తోడవడంతో డిసెంబరు దాకా మురుగు తీయదు. వరి తట్టుకుంటుంది గానీ బెండ, వంగ, మిరప వేళ్లు కుళ్లి చస్తాయి. జనవరి వచ్చిందంటే కథ తిరగబడుతుంది. వాలు నేలల మీద పడిన నీరంతా ఎప్పుడో సముద్రంలో కలిసిపోయి ఉంటుంది. ఏప్రిల్ దాకా పాదుకు పోయడానికి కడివెడు నీళ్లుండవు. కొరత వానకు కాదు, దాన్ని మళ్లించే కాలువకు, పట్టి ఉంచే గుంటకు. ఆ రెండూ తవ్వగలిగేది నేల ఆరి ఉన్న వేసవిలోనే.

2004 డిసెంబరు 26 సునామీ ఈ పాఠాన్ని గట్టిగా చెప్పింది. భూకంపానికి దక్షిణ అండమాన్ నేల కుంగింది. సిప్పీఘాట్ వంటి చోట్ల వరి మడుల్లోకి ఉప్పునీరు చొరబడింది. గారచర్మలో 1978 నుంచి ఉన్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఇలాంటి పల్లాలకు ఎత్తుమడి, కాలువ పద్ధతిని ముందుకు తెచ్చింది. మీటరు దాకా లోతున వెడల్పాటి కాలువ తవ్వి, ఆ మట్టితో పక్కన ఎత్తుమడి కడతారు. పైమట్టిని ముందే విడిగా పోగుచేసి, చివర్లో మడి మీద పరచాలి. అడుగుమట్టి పైకొస్తే మొక్క ఎదగదు. వాన మడిలోని ఉప్పును కిందికి కడిగేస్తుంది. పైన కూరగాయలు, కాలువలో వరి, చేపలు. వాన వెలిశాక ఆ కాలువ నీరే పాదులకు ఆధారం.

ఖర్చెక్కువ, కూరగాయలు ఓడలో దిగుతాయి కదా అనేవాళ్లున్నారు. సముద్రం అల్లకల్లోలమై ఓడ ఆలస్యమైతే బజారులో ధర ఎటు పోతుందో ఇక్కడి గృహిణిని అడగండి. 8,249 చదరపు కిలోమీటర్ల దీవుల్లో నూటికి 80 వంతులకు పైగా అడవే. కొత్త పొలం కోసం దాన్ని నరకకూడదు. ఉన్న పల్లాన్ని బాగుచేసుకోవడమొక్కటే దారి.

ఖర్చు మాట మాత్రం నిజం. చిన్న రైతు ఒక్కడే యంత్రం తెచ్చి తవ్వించలేడు. అందుకే సాయం అదునుకు అందాలి. తవ్వే యంత్రం జనవరిలో, పులుపు నేలలకు సున్నం ఏప్రిల్లో, విత్తనం మే మొదట్లో రైతు గడప చేరాలి. జూన్‌లో మంజూరయ్యే సొమ్ము బురదలో పోసినట్టే. దీవులకు కావలసింది మరింత వాన కాదు, వేసవి నాలుగు నెలల పని. ఆ పనిని సేద్యంగా లెక్కించి, దానికే ముందు డబ్బివ్వాలి.