చదవకుండా అట్ట వేసేవాళ్ళకి

విజయవాడ ఏలూరు రోడ్డులో గానీ, హైదరాబాద్ కోఠీలో గానీ, ఏటా జరిగే పుస్తక ప్రదర్శనలో గానీ, నిజంగా జరిగిన నేరాల మీద వచ్చిన పుస్తకాలు పేర్చిన బల్ల ముందు కాసేపు నిలబడండి. తెలుగువీ ఇంగ్లీషువీ కలిపే చూడండి. నల్లటి అట్ట, మీద ఎర్రటి చేతిముద్ర. నల్లటి అట్ట, మీద నెత్తురు కారుతున్న అక్షరాలు. నల్లటి అట్ట, తలకి ముసుగేసుకుని వెనక్కి తిరిగి నిలబడ్డ మనిషి. పేర్లు చెరిపేసి ఒకదాని అట్ట ఇంకోదానికి తొడిగినా ఎవరూ పట్టుకోలేరు. ఏ ఊళ్ళో జరిగింది, పోయింది ఎవరు, పొలం గట్టు మీదా, ఆస్పత్రి వాకిట్లోనా, హాస్టల్ గదిలోనా, ఇవేవీ అట్టకి అక్కర్లేదు. దానికి కావలసింది ఒక చావు. ఎవరిదైనా సరే.

నేను అట్టలు వేసుకుని బతికేవాణ్ణి. కాబట్టి ఈ తిట్లు పరాయివాళ్ళని కాదు, మావాళ్ళనే. రాతప్రతి చదవకుండా, తీర్పు చూడకుండా, అసలేం జరిగిందో కనుక్కోకుండా నిజమైన హత్యకి బొమ్మ వేసేవాడు బోనెక్కి దొంగసాక్ష్యం చెప్పేవాడికి ఏమాత్రం తీసిపోడు. లోపల రచయిత ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, ఒక్కో తేదీ సరిచూసుకుని మూడొందల పేజీలు రాసి ఉంటాడు. ఆ కష్టాన్నంతా వీడు ఒక్క చూపులో అబద్ధం చేసిపారేస్తాడు. పుస్తకం చదివేవాళ్ళు వందల్లో ఉంటే, అట్ట చూసి పోయేవాళ్ళు వేలల్లో ఉంటారు. ఆ వేలమందికి తెలిసేది వీడి సాక్ష్యమే.

"డిటెక్టివ్ నవలలకీ అలాగే వేశారు కదా, అప్పుడు లేవని నోరు ఇప్పుడెందుకు లేస్తోంది?" అని అడిగేవాళ్ళున్నారు. వేశారు. కొమ్మూరి రాసిన డిటెక్టివ్ యుగంధర్ పరిశోధనలూ, మధుబాబు రాసిన షాడో సాహసాలూ అద్దెకు తెచ్చుకుని, అట్టమీది పిస్తోలు చూసి గుండె దడదడలాడించుకున్న తరమే మాది. ఆ పిస్తోళ్ళని నేను ఒక్క మాట అనను. యుగంధర్ కేసుల్లో చచ్చిపోయినవాళ్ళకి తల్లులు లేరు. వాళ్ళకి ఎవరూ సంవత్సరీకం పెట్టరు. ఏ చెల్లెలూ రైల్వేస్టేషన్ పుస్తకాల స్టాల్ ముందు నిలబడిపోయి, ఆ అట్ట చూసి, రైలు పోగొట్టుకోదు.

నిజనేరం పుస్తకానికి అట్ట ఎలా పుడుతుందో చెప్తాను. ప్రచురణకర్త ఫోన్ చేస్తాడు. పుస్తకం పేరు చెప్తాడు. డెమీ సైజంటాడు, వెన్ను మందం తర్వాత చెప్తానంటాడు, ఎగ్జిబిషన్ లోపు చేతికి రావాలంటాడు. రాతప్రతి పంపించమంటే, నేనేదో ఆయన ఆస్తి కాగితాలు అడిగినట్టు ఉలిక్కిపడతాడు. ఒకాయన అన్నాడు: "మొత్తం చదివి ఏం చేస్తారు గురూగారూ, మర్డరేగా! కాస్త రెడ్ ఎక్కువ పడేయండి." పట్టుబట్టి తెప్పించుకుని చదివాను. అందులో హత్య జరిగింది రోకలిబండతో. ఆయన నమూనాకని పంపిన బొమ్మలో రివాల్వరుంది, నేలమీద సుద్దతో గీసిన మనిషి ఆకారముంది, చుట్టూ దాటొద్దని ఇంగ్లీషులో రాసిన పసుపు రిబ్బనుంది. మన పల్లెల్లో పోలీసులు ఆ రిబ్బన్ కట్టగా ఎవరు చూశారు? తాడు దొరికితే తాడు కడతారు, లేకపోతే ఒక హోంగార్డుని నిలబెడతారు. శవం చుట్టూ సుద్దగీత అమెరికా సినిమాల సరుకు. ఇవన్నీ ఆయనకి చెప్పాను. ఓపిగ్గా విని, పని ఇంకొకరికి ఇచ్చుకున్నాడు. పుస్తకం రివాల్వర్‌తోనే బయటికొచ్చింది.

ఈ పని ఎలా చేయాలో తెలియక కాదు. అరవై ఏళ్ళ కిందటే చేసి చూపించినవాళ్ళున్నారు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం హోల్కమ్ అనే చిన్న ఊళ్ళో 1959 నవంబరు 15 తెల్లవారుజామున ఒక రైతు కుటుంబంలో నలుగుర్ని చంపేశారు. దానిమీద ట్రూమన్ కపోటి రాసిన 'ఇన్ కోల్డ్ బ్లడ్' 1966లో పుస్తకంగా వచ్చింది. అట్ట వేసింది ఎస్. నీల్ ఫుజిటా. హవాయిలో పుట్టిన జపాన్ సంతతి మనిషి, రెండో ప్రపంచయుద్ధంలో నిర్బంధ శిబిరంలో ఉన్నవాడు, తర్వాత జాజ్ రికార్డులకి గొప్ప అట్టలు వేసినవాడు. 'గాడ్‌ఫాదర్' పేరు మీద కీలుబొమ్మలాడించే చెయ్యీ దారాలూ ఈయన గీసినవే. కపోటి పుస్తకానికి ఫుజిటా తుపాకీ వేయలేదు. ఆ ఇల్లు వేయలేదు. ఆడవాళ్ళు టోపీకి గుచ్చుకునే పొడవాటి పిన్ను, దాని దగ్గర ఒక్క ఎర్రటి బొట్టు పెట్టాడు. కపోటి చూసి ఎరుపు కుదరదన్నాడు. ఇది ఇప్పుడు జరిగిన చావు కాదు కదా అన్నాడు. ఫుజిటా వాదించకుండా ఆ బొట్టుని ముదురురంగులోకి దించి, చుట్టూ నల్లంచు కట్టాడు. చావు జరిగిన ఇంటి నుంచి వచ్చే కార్డులా తయారైందా అట్ట.

(కపోటి పుస్తకం చివరి ఘట్టం ఆయన కల్పించిందేనని తర్వాత బయటపడింది. అంటే లోపలి పేజీల కంటే పై అట్టే ఎక్కువ నిజం చెప్పిందన్నమాట. ఇది నాకు భలే ఇష్టమైన సంగతి.)

ఆ రంగు సంగతి ప్రెస్సు మెట్లెక్కినవాళ్ళకి బాగా అర్థమవుతుంది. మెజెంటా నూరు, పసుపు నూరు కొడితే మండిపోయే ఎరుపు వస్తుంది. దానిమీద గ్లాసీ లామినేషన్ వేశారంటే ఇప్పుడే చిందినట్టు తడితడిగా మెరుస్తుంది. కానీ మనిషి నెత్తురు అట్లా ఉండదు. ఆరేకొద్దీ గోధుమరంగుకి తిరిగి, చివరికి ఇంచుమించు నల్లబడుతుంది. గోడమీదైనా చొక్కామీదైనా అంతే. ఆ రంగు రావాలంటే కాస్త సయాన్, కాస్త నలుపు పడాలి, మ్యాట్ లామినేషన్ వేయాలి. ఖర్చులో పెద్ద తేడా ఏమీ రాదు. అయినా పదేళ్ళ కిందట పోయిన మనిషి రక్తాన్ని మనవాళ్ళు ఇవాళ పొద్దున్నదిలా మెరిపిస్తారు. ఆ మెరుపులో చావు తేదీయే తప్పు పడుతోందని ఎవడికీ తోచదు.

కొలంబైన్ పుస్తకం చూడండి. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు కుర్రాళ్ళు కాల్పులు జరిపారు. వాళ్ళు పొడుగు నల్లకోట్ల ముఠావాళ్ళని, తోటిపిల్లలు ఏడిపిస్తే పగ తీర్చుకున్నారని టీవీలు రోజుల తరబడి ఊదరగొట్టాయి. డేవ్ కల్లెన్ పదేళ్ళు ఆ కేసు వెంటపడి 2009లో తెచ్చిన పుస్తకం ఆ కథ నిలవదని చెప్పింది. దాని అట్టమీద కోటు లేదు. తుపాకీ లేదు. ఆ ఇద్దరి మొహాలూ లేవు. అట్టంతా ఆకాశం, అడుగున నేలకి ఆనుకుని స్కూలు భవనం. అంతే. చదవకుండా వేసే మహానుభావుడికి ఆ పని అప్పగించి ఉంటే తప్పకుండా నల్లకోటు వేసేవాడు. లోపల రచయిత ఏ అబద్ధాన్ని పడగొట్టాడో, దాన్నే బయట నిలబెట్టేవాడు.

లండన్‌లో 1888లో వరసగా ఆడవాళ్ళని చంపినవాడెవడో ఇప్పటికీ తేలలేదు. అయినా వాడి మీద వచ్చే పుస్తకాల అట్టలకి పొడుగు టోపీ, చేతిలో సంచీ, చుట్టూ మంచూ తప్పవు. చనిపోయిన అయిదుగురి బతుకుల్ని తవ్వితీసి హాలీ రూబెన్‌హోల్డ్ 2019లో రాస్తే గానీ తెలియలేదు, అందులో ముగ్గురు వేశ్యలనడానికి గట్టి ఆధారమే లేదని. నూటముప్పై ఏళ్ళు దీపస్తంభం కింద వీధి మనిషిని గీస్తూ వచ్చిన చేతులకి ఏం శిక్ష వేద్దాం?

సరే, మన గడ్డకి వద్దాం. అట్ట వేసేవాడు ఏం చదవాలి? రాతప్రతి ఎలాగూ చదవాలి. దానితోపాటు కోర్టు తీర్పు. సెషన్స్ కోర్టు తీర్పుల్లో చాలావాటి చివర ఒక అనుబంధం ఉంటుంది. వకీళ్ళు తప్ప ఎవరూ దానిదాకా రారు. ముందు సాక్షుల జాబితా, తర్వాత కాగితాల జాబితా, అన్నిటికంటే కింద ఎం.ఓ. నెంబర్లు: కేసులో జప్తు చేసి కోర్టు ముందు పెట్టిన వస్తువులు. ఒక జత చెప్పులు. పగిలిన గాజుముక్కలు. సెల్‌ఫోను. చిరిగిన చొక్కా. ఆ జాబితాల్లో తరచు పక్కపక్కనే కనపడే రెండు వస్తువులున్నాయి, మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. రక్తం అంటిన మట్టి ఒకటి, అంటని మట్టి ఒకటి. పంచనామా రాసేటప్పుడు శవం పడున్న చోటు నుంచి గుప్పెడు మట్టి, కాస్త పక్కనుంచి గుప్పెడు మామూలు మట్టి తీసి, విడివిడిగా సీలు వేసి, రెండూ పోల్చిచూడమని లాబొరేటరీకి పంపుతారు. ఒకే వాకిట్లో మట్టి. ముందురోజు వరకూ రెండింటికీ తేడా లేదు. ఒక పుస్తకానికి నేను ఆ రెండు పొట్లాలే వేశాను. "ఇదేంటండీ, పసుపూ కుంకుమా?" అన్నాడు ప్రచురణకర్త. పోనీలే, అదే అనుకోనీ. అట్ట మాత్రం అలాగే వచ్చింది. లోపల చదివినవాళ్ళు వెనక్కి తిప్పి మళ్ళీ అట్ట చూసుకున్నారు.

తీర్పు చదవాలని ఇంతగా మొత్తుకోవడానికి ఇంకో కారణముంది. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్లో చదువుకునే పిల్లని చంపేశారు. మరుసటి ఏడాది ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషని తేల్చి వదిలిపెట్టింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ మధ్యలో ఎవరైనా పుస్తకం తెచ్చి, అట్టమీద ఆ కుర్రాడి మొహం వేసి, కళ్ళకి ఎర్రరంగు పులిమి ఉంటే? హైకోర్టు తీర్పు జైలు తలుపు తీయగలదు. ఇళ్ళల్లో అల్మారాలకెక్కిన అట్టల్ని దించగలదా? అందుకే అప్పీలు ఏ కోర్టులో ఉందో తెలుసుకోకుండా నిందితుడి మొహం జోలికి పోవద్దంటాను. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక యువతిని చెరిచి చంపిన ఘోరం తర్వాత, డిసెంబరు 6న నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చేశారు. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక, చంపాలనే కాల్చారనీ, వాళ్ళలో ముగ్గురు మైనర్లనీ చెప్పింది. ఆ డిసెంబరు ఊపులో తుపాకీ గొట్టాన్ని న్యాయదేవత చేతిలో పెట్టి గీసినవాళ్ళు ఇప్పుడా బొమ్మ ఎక్కడ దాచుకున్నారో!

చట్టం సంగతి కూడా మావాళ్ళలో చాలామందికి పట్టదు. అత్యాచార బాధితురాలి పేరు రాయకూడదని తెలుసు, అంతవరకే. పాత ఐపీసీ 228ఎ అయినా, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 72 అయినా, పేరుతో ఆగలేదు. ఎవరో పోల్చుకునేలా చేసే ఏ విషయాన్నీ అచ్చు వేయొద్దన్నాయి. రెండేళ్ళ దాకా జైలు. ఆమె చనిపోయినా, ఇంటివాళ్ళు సరేనన్నా, తగిన అధికారి అనుమతి లేకుండా గుర్తింపు బయటపెట్టకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పిల్లల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టం కూడా గుర్తింపు బయటపెట్టొద్దనే అంటుంది. ఇంక ఆలోచించండి: ఆ స్కూలు యూనిఫాం రంగు, ఆ హాస్టల్ గేటు, ఆ వీధి మలుపులో ఉన్న వేపచెట్టు. అట్టమీద వీటిలో ఒక్కటి పడితే చాలు, ఊరంతా పోల్చుకుంటుంది. ఎంత చూపించాలో కాదు, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడానికే సగం పరిశోధన.

పరిశోధన అనగానే పోస్టుమార్టం ఫొటోలు సంపాదించడం అనుకునే ఘనులు కూడా ఉన్నారు. ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరు పెట్టుకుని చూపిస్తారు, వేటగాడు కొమ్ములు చూపించినట్టు. అవి అట్టకి ఎందుకూ పనికిరావు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్యతో ఆస్పత్రి నుంచి బయటికొస్తున్న యువకుణ్ణి పట్టపగలు నరికేసిన సీసీ కెమెరా దృశ్యం రాష్ట్రంలో ఎన్ని ఫోన్లలో తిరిగిందో మనందరికీ తెలుసు. ఆ కథ మీద సినిమా పోస్టరు 2020లో ఫాదర్స్ డే నాడు వదిలారు. అప్పటికి కేసు తేలలేదు. 2025 మార్చిలో గానీ తీర్పు రాలేదు. రేపు ఆ కేసు మీద ఎవరైనా మంచి పుస్తకం రాస్తే, ఆ కెమెరా దృశ్యంలోంచే ఒక ముక్క కోసి అట్టకి అతికించమంటారు. నేను అతికించను. ఆ కొద్ది క్షణాలే కథ అయితే ఇక పుస్తకం దేనికి? అది చెప్పాల్సింది కులం గురించి, డబ్బిచ్చి మనుషుల్ని పెట్టించిన పద్ధతి గురించి, కోర్టులో గడిచిన ఏళ్ళ గురించి.

ఏఐ గురించి ఎక్కువ చెప్పను. ఒక వాక్యం కొడితే ఏడుస్తున్న అమ్మాయి బొమ్మ వచ్చేస్తోంది, పైసా ఖర్చు లేదు. ఆ మొహం ఎవరిదీ కాదని ప్రచురణకర్త ధీమా. నిజంగా పోయిన పిల్ల మీద ఎవరిదీ కాని మొహం అతికించడం ఆమెని రెండోసారి మాయం చేయడమేనని ఆయనకి ఎవరు చెప్తారు?

ఇక అమ్మకాల మాట. రక్తం లేకపోతే కొనరట. కపోటి పుస్తకానికి ఉన్నది ఒకే ఒక్క నల్లబడ్డ చుక్క, అది లక్షల్లో అమ్ముడుపోయింది. కొనేవాళ్ళ అభిరుచిని నిందించే ముందు, వాళ్ళకి మనం ఎప్పుడైనా వేరే అట్ట చూపించామా అని అడగండి. పాఠకుడు నెత్తురు అడిగాడని నాకు ఏ పాఠకుడూ చెప్పలేదు. చెప్పింది డిస్ట్రిబ్యూటర్లే.

కాబట్టి ఇకమీదట నాకు ఫోన్ చేసేవాళ్ళు రాతప్రతితో పాటు తీర్పు కాపీ పంపండి, అప్పీలు ఎక్కడుందో ఒక ముక్క రాయండి. గడువు మీరు చెప్పినంత కాదు, చదవడానికి పట్టినంత. అట్ట పూర్తయ్యాక, రచయిత ఎవరి ఇంట్లో కూర్చుని మంచినీళ్ళు తాగి ఈ కథ రాసుకొచ్చాడో, ప్రెస్సుకి వెళ్ళేలోపు ఆ ఇంటికి వెళ్ళి ఆ అట్ట వాళ్ళ చేతికివ్వాలి. ఆ పని తనవల్ల కాదని రచయిత అంటే ఫైలు పంపను. అడ్వాన్సు వెనక్కి పంపిస్తాను, యూపీఐ నెంబరు చెప్పండి.