ఆడినవాడా? ఆడించినవాడా?

మన హాస్టల్లో ఫుట్‌బాల్ మాట మొదలైతే చాలు, ఎవరెన్ని గోల్స్ కొట్టారన్నదే లెక్క. మెస్సీ గొప్పా, రొనాల్డో గొప్పా అని భోజనాల లైన్లో కూడా ప్లేట్లు పట్టుకుని వాదనే. వాళ్లకి ఆట నేర్పింది ఎవరయ్యా అంటే మాత్రం ఒక్కడూ నోరు విప్పడు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. అందుకే ఆడటం, ఆడించడం రెండూ చేసిన ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నాను. ఆయన ప్రదీప్ కుమార్ బెనర్జీ. బెంగాల్లో అందరూ పీకే అనేవారు. 2020 మార్చి 20న కోల్‌కతాలో కన్నుమూశారు.

ముందు ఆటగాడిగా. 1936లో జల్పాయిగురిలో పుట్టారు. ఈస్టర్న్ రైల్వే జట్టులో కుడివైపు ఫార్వర్డ్. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ లాంటి పెద్ద క్లబ్బుల తరఫున ఆడనేలేదు. రైల్వే జట్టుతోనే ఉండి, 1958లో దానికి కలకత్తా లీగ్ గెలిపించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానం దాకా వెళ్లింది, ఆ జట్టులో ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కెప్టెన్. ఫ్రాన్స్ మీద 1-1తో డ్రా చేసుకున్న ఆటలో మన గోలు ఆయనదే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు కదా, అందులో మొదటి గోలు కూడా పీకేదే.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ మూడుసార్లూ జట్టును నడిపించింది మన హైదరాబాద్ మనిషి, సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన మీద తీసిందే. వృత్తికి బడిపంతులు! జకార్తాలో జర్నైల్ సింగ్ అనే డిఫెండర్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే కూర్చోబెట్టేవాడు. రహీం గారు అతన్ని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించారు. అతను సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ గోలు కొట్టాడు. అప్పటికే రహీం గారికి క్యాన్సర్. ఫైనల్ ముందు తన పిల్లల్ని కూర్చోబెట్టుకుని, నాకు ఈ బంగారం బహుమతిగా ఇవ్వండి అని అడిగారని చెబుతారు. మరుసటి ఏడు, 1963 జూన్‌లో పోయారు. ఆ మాట విన్నవాళ్లలో పీకే ఒకరు. మాటకి ఎంత బలముంటుందో ఆయన అక్కడే చూశారని నేననుకుంటున్నాను.

దెబ్బలు ఎక్కువై 1967లో పీకే ఆట మానేశారు. అప్పటితో కథ అయిపోయిందనుకుంటే పొరపాటు. 1972లో ఈస్ట్ బెంగాల్‌కి కోచ్ అయ్యారు. 1975 ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఆ జట్టు మోహన్ బగాన్‌ని 5-0తో ఓడించింది. మరుసటి ఏడాదే ఆయన ఆ ఓడిన మోహన్ బగాన్‌కే కోచ్‌గా వెళ్లారు! 1977లో వాళ్లకి షీల్డ్, రోవర్స్, డ్యూరాండ్ మూడు కప్పులూ తెచ్చిపెట్టారు. అదే ఏడు సెప్టెంబర్ 24న పీలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే, పీకే పిల్లలు 2-2తో నిలబెట్టేశారు. మనవైపు గోల్స్ కొట్టిన ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ హబీబ్. అన్నీ గెలుపులే కావులెండి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు క్వార్టర్ ఫైనల్లో సౌదీ చేతిలో 1-0తో ఓడిపోయింది.

ఆటకి ముందు, హాఫ్ టైంలో ఆయన ఆటగాళ్లతో మాట్లాడే తీరుకి పత్రికలవాళ్లు 'వోకల్ టానిక్' అని పేరు పెట్టారు. జ్వరం తగ్గాక డాక్టరు రాసిచ్చే బలం మందు లాంటి మాటలన్నమాట.

ఆ టానిక్ గట్టిగా పనిచేసింది 1997 జూలై 13న. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియం, లక్షా ముప్పై వేల పైన జనం. పీకే మళ్లీ ఈస్ట్ బెంగాల్ కోచ్. అవతల మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా. ఆయన తక్కువవాడేం కాదు, ఆట శాస్త్రం బాగా చదివినవాడు. కానీ ఆటకి ముందు ఈస్ట్ బెంగాల్ పిల్లల పేర్లు వంకరగా పలికి వెక్కిరించారు. సిక్కిం కుర్రాడు బైచుంగ్ భూటియాని 'చుంగ్ చుంగ్' అన్నారు. పీకే ఆ వెక్కిరింపునే తన వాళ్లలో పౌరుషంగా మార్చారని అంటారు. ఫలితం 4-1. అందులో మూడు గోల్స్ భూటియావే.

నాకు ఈ ముక్క చదివినప్పుడు మన గ్రౌండే కనిపించింది. మన దగ్గర కూడా తమ్ముళ్లని పేరు పెట్టి పిలవరు. ఒకడి ఊరు పట్టి, ఒకడి యాస పట్టి, ఒకడి రంగు పట్టి పిలుపు. ఏడో తరగతి తమ్ముడొకడు గోల్‌కీపర్‌గా ఒక్క గోలు వదిలేసినందుకు వారం రోజులు మాటలన్నారు. ఇప్పుడు వాడు సాయంత్రం గ్రౌండుకే రావడం లేదు, ట్యాంకు దగ్గర కూర్చుంటాడు. మంచి కీపరు పోయాడు, అంతే.

భయం లేకపోతే పిల్లలు వినరు అని కొందరు అంటారు. దానికీ ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌కే చెందిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా కాంస్యం తెచ్చారు. తర్వాత కోచ్ అయ్యారు. మహా కఠినం అని పేరు. 1990లో ఈస్ట్ బెంగాల్‌కి ఆయనా మూడు కప్పులు తెచ్చారు. కాబట్టి కఠినం తప్పని నేననను. టైముకి రాకపోతే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టించండి, కొడతాం. కానీ అది వేరు, మనిషిని చిన్నబుచ్చడం వేరు.

చివరగా వార్డెన్ సారుకి ఒక మనవి. దసరా సెలవుల తర్వాత పదో తరగతి అన్నలకి గ్రౌండు బంద్. పరీక్షలున్నాయి, మేం కాదనం. కానీ ఐదేళ్లు నేర్చుకున్న ఆటంతా ఏప్రిల్‌లో వాళ్ల పెట్టెలతోపాటే ఊళ్లకి వెళ్లిపోతోంది. ఆదివారం సాయంత్రం ఒక్క అరగంట వాళ్లని ఆరో తరగతి పిల్లలకి నేర్పనివ్వండి సార్. ఆడటానికి కాదు, నేర్పడానికే. వెక్కిరించినవాడికి మరుసటి ఆదివారం గ్రౌండు లేదు అని షరతు పెట్టండి. బంతి ఒకటి చాలు. గాలి కొట్టే పంపు స్టోర్ రూములో బియ్యం బస్తాల వెనకాల ఉంది.