దుప్పట్లు సరే, దరఖాస్తు ఎవరు రాస్తారు?

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఐటీ ఆఫీసుల వాట్సాప్ గ్రూపుల్లో ఓ పిలుపు తప్పకుండా కనిపిస్తుంది. "ఈ శనివారం రాత్రి దుప్పట్ల పంపిణీ, తలా వెయ్యి రూపాయలు, కార్లున్నవాళ్ళు చెయ్యెత్తండి" అని. డబ్బులు పోగవడానికి గంట కూడా పట్టదు. మంచిదే. నేనూ వెళ్ళాను, ఇకముందూ వెళ్తాను. దుప్పటి ఇచ్చేవాణ్ణి తప్పుపట్టేంత పెద్దమనిషిని కాదు.

కాకపోతే నా గోల ఒకటుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా ఆ మనిషి పడుకునేది ఫుట్‌పాత్ మీదే. ఆయనకి కావలసింది నాలుగు గోడలు, పైకప్పు, ఓ మరుగుదొడ్డి, ఉన్న ఒక్క సంచీ దాచుకోవడానికి తాళమున్న చోటు. అవి ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. పథకం పెట్టారు, డబ్బు కేటాయించారు. ఆ డబ్బుకీ ఈ మనిషికీ మధ్య ఓ కాయితాల కట్ట ఉంది. దాన్ని మోసేవాళ్ళు లేక చాలా చోట్ల పని ఆగిపోతుంది. ఆ మోత మనకి బాగా అలవాటైన పనే కదా అన్నదే ఇవాళ్టి నా వాదన.

ముందు కాస్త పూర్వకథ. 2009 డిసెంబరులో, ఎముకలు కొరికే చలిలో, ఢిల్లీ పూసా రోడ్డు దగ్గరున్న తాత్కాలిక షెల్టరుని అక్కడి నగరపాలక సంస్థ పడగొట్టింది. చలికి మనుషులు చనిపోయారని పత్రికల్లో వచ్చింది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు నియమించిన కమిషనర్లు కోర్టుకి ఉత్తరం రాశారు. 2010 జనవరిలో కోర్టు ఢిల్లీకి ఆదేశాలిచ్చింది, అదే ఏడాది వాటిని మిగతా పెద్ద నగరాలకీ వర్తింపజేసింది. లెక్క సులువు: ప్రతి లక్ష జనాభాకి వంద మంది పట్టే షెల్టరు ఒకటి. ఏడాది పొడుగునా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి. 2011 లెక్కల ప్రకారం జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షల పైచిలుకు. అంటే అప్పటి జనాభాకే 67 షెల్టర్లు కావాలి. మీ ఊరి సంగతి మీరే లెక్కేసుకోండి.

2013లో కేంద్రం జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఎన్‌యూఎల్‌ఎం. అందులో ఇళ్ళులేనివాళ్ళ షెల్టర్ల కోసం విడిగా ఓ భాగం పెట్టారు. కట్టడానికి డబ్బిస్తారు, నడపడానికి అయిదేళ్ళు డబ్బిస్తారు. నిర్వహణని మునిసిపాలిటీలు స్వచ్ఛంద సంస్థలకో, మహిళా సంఘాలకో అప్పగించొచ్చు. చదవడానికి చక్కగా ఉంది కదా? మూడేళ్ళు గడిచాక, 2016 నవంబరులో, ఇదే సుప్రీంకోర్టు నిధులున్నా నేలమీద పని జరగలేదని మొట్టికాయ వేసి, ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కైలాష్ గంభీర్ అధ్యక్షతన ఓ కమిటీ వేయాల్సొచ్చింది.

డబ్బుండీ ఎందుకు ఖర్చు కాదు? అధికారుల నిర్లక్ష్యం అనేస్తే ఇక్కడితో చేతులు దులుపుకోవచ్చు. నిర్లక్ష్యం ఉంది, కాదనను. కానీ అదొక్కటే కాదు. నేను దగ్గర్నుంచి చూసిన ఒక సంగతి చెప్తాను.

మా జిల్లాలో ఒక పట్టణంలో ఓ రిటైర్డ్ మేష్టారు నడిపే చిన్న సంస్థ ఉంది. (ఊరి పేరు, సంస్థ పేరు వద్దులెండి.) బస్టాండు బయట పడుకునేవాళ్ళలో సగం మంది ఆయనకి పేరుపేరునా తెలుసు. ఎవరు అడ్డా కూలీ, ఎవరు ఫంక్షన్ హాళ్ళలో వడ్డనకి వెళ్తారు, ఏ ముసలామెని కొడుకు వదిలేసిపోయాడు, అన్నీ నోటిలెక్కే. ఆయన మునిసిపాలిటీకి పెట్టుకున్న అర్జీ మాత్రం అర పేజీ. "పేదలకు సేవ చేయుచున్నాము, తమరు దయతో సహాయము చేయగలరు" అని. ఆ ఆఫీసులో గుమాస్తా ఎంత మంచివాడైనా, దాని మీద ఫైలు కదపలేడు. దయ అనే కాలమ్ ఏ ఫారంలోనూ ఉండదు మరి.

వాళ్ళకి కావలసినవి ఇవి: సొసైటీ రిజిస్ట్రేషను, బైలాస్, పాన్, మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, నీతి ఆయోగ్ వాళ్ళ ఎన్‌జీఓ దర్పణ్ నంబరు, 12ఏ, 80జీ కాయితాలు, చేసిన పనికి రుజువులు, సిబ్బంది వివరాలు, బడ్జెట్టు. అన్నిటికన్నా ముందు, ఊళ్ళో ఇళ్ళులేనివాళ్ళు ఎంతమంది, ఎక్కడెక్కడ ఉన్నారు? ఇది ఎవరి దగ్గరా లేదు. 2011 జనగణన వాళ్ళు ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కరోజు లెక్కపెట్టి, దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది, పట్టణాల్లో 9.4 లక్షల మంది అని తేల్చారు. ఒక్క రాత్రి లెక్కలో ఎంతమంది జారిపోయి ఉంటారో ఊహించుకోండి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. కాబట్టి మేమే లెక్కపెట్టాం. నలుగురం, మూడు రాత్రులు, పదింటి నుంచి ఒంటిగంట దాకా. బస్టాండు, రైల్వేస్టేషను, గవర్నమెంటాసుపత్రి, కూరగాయల మార్కెట్టు. మేష్టారి నోటిలెక్కకి దాదాపు రెట్టింపు తేలారు, ఆసుపత్రి బయట పడుకునే రోగుల బంధువులని ఆయన ఎప్పుడూ లెక్కలో వేసుకోకపోవడం వల్ల. ఆడవాళ్ళెంతమంది, అరవై దాటినవాళ్ళెంతమంది, రాత్రి ఎక్కడుంటారు, పొద్దున పనికి ఎక్కడికెళ్తారు... అన్నీ ఓ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టాం. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు. రెండు వారాంతాల పని, అంతే.

ఫైలు కదిలింది. అక్కడితో సుఖాంతం అనుకునేరు, అసలు కథ అక్కడే మొదలైంది.

ఎన్‌యూఎల్‌ఎం మార్గదర్శకాల్లో యాభై మంది షెల్టరుకి నిర్వహణ ఖర్చు ఏడాదికి ఆరు లక్షలు. కాలిక్యులేటరు తియ్యండి. మనిషికి ఏడాదికి పన్నెండు వేలు. రోజుకి ముప్ఫైమూడు రూపాయలు. మన ఆఫీసు కాంటీన్లో ఆ డబ్బుకి ఏమొస్తుందో మీకు తెలుసు. ఇందులోనే మేనేజరు జీతం, మూడు షిఫ్టుల కాపలా మనుషుల జీతాలు, కరెంటు, నీళ్ళు, దుప్పట్లు ఉతికించడం, ఫినాయిలు. ఇదికాక అక్కడుండేవాళ్ళకి గుర్తింపు కార్డు, రేషను, పింఛను, బ్యాంకు ఖాతా వచ్చేలా చూడాలి కూడా.

పోనీ ఆ ముప్ఫైమూడన్నా వేళకి వస్తుందా? మొదటి విడత ఖర్చుపెట్టి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తేనే రెండో విడత. ప్రభుత్వ గ్రాంటు ఏదైనా జీఎఫ్‌ఆర్ 12-ఏ అనే ఫారం తప్పదు. ఆ నియమం ఉండాల్సిందే, మన పన్నుల డబ్బే కదా. కానీ మేం సర్టిఫికెట్ ఇచ్చిన ఎనిమిది నెలలకి గానీ రెండో విడత రాలేదు. ఆ ఎనిమిది నెలలూ కాపలా మనిషికి జీతం ఎవరివ్వాలి? మేష్టారు తన పింఛనులోంచి ఇచ్చారు. మన జీతం ఒకటో తారీకుకి బదులు మూడో తారీకు పడితే హెచ్చార్‌కి ఎన్ని మెయిళ్ళు వెళ్తాయో గుర్తుచేసుకోండి.

అందుకని నేననేది, ఈ గ్రాంట్ల పద్ధతిలోనే మూడు లోపాలున్నాయి. ఒకటి, డబ్బు చేతిలో లేనివాడిని ముందు ఖర్చుపెట్టమనడం. అలాగైతే గట్టి సంస్థలే మిగులుతాయి, బస్టాండులో మనుషుల్ని పేరుపేరునా తెలిసిన మేష్టార్లు పోతారు. మూడు నెలల ఖర్చు ఎప్పుడూ ముందుగానే ఇచ్చి, లెక్క తర్వాత తీసుకోవచ్చు. రెండు, ఎప్పుడో కట్టిన రేటు. అందరి జీతాలూ కరువుభత్యంతో పెరుగుతాయి, షెల్టరు ఖర్చు మాత్రం కాయితం మీద ఉన్నచోటే ఉంటుంది. మూడు, అసలు షెల్టరుని 'మిషన్' లాగా నడపడం. ఎన్‌యూఎల్‌ఎం గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2024 సెప్టెంబరుతో ముగిసింది. మిషన్లకి గడువుంటుంది, మనిషికి ప్రతి రాత్రీ నిద్రొస్తుంది. ఇది వీధిదీపాల్లాగా, మంచినీళ్ళలాగా మునిసిపల్ బడ్జెట్లో ఏటా తప్పనిసరిగా ఉండాల్సిన పద్దు.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్నలు.

"సీఎస్ఆర్ డబ్బులుండగా ప్రభుత్వం చుట్టూ తిరగడమెందుకు?" అడగండి, తప్పు లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం ఖర్చుపెట్టాలి. అయితే 2021 ఏప్రిల్ నుంచి దానికీ సీఎస్ఆర్-1 ఫారం ఉంది, కాయితాలు అక్కడా తప్పవు. పైగా నేను చూసినంతలో కంపెనీలు మంచాలిస్తాయి, నీళ్ళ యంత్రం ఇస్తాయి, దాని మీద పేరుంటుంది కాబట్టి. రాత్రి కాపలా మనిషి జీతం మీద లోగో వెయ్యడం కుదరదు.

"విదేశాల్లో ఉన్న మనవాళ్ళు పంపితే?" ఇది కాస్త జాగ్రత్తగా చూడాలి. భారత పౌరులుగా ఉన్న ఎన్నారైలు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. పౌరసత్వం మారిన వాళ్ళు పంపితే వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి కావాలి. 2020 సవరణతో ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ఆ డబ్బుని చిన్న సంస్థకి బదిలీ చెయ్యడం కూడా నిషేధించారు. అంటే మేష్టారిలాంటి వాళ్ళకి ఆ దారి మూసుకుపోయింది. మిగిలింది ప్రభుత్వమే.

"పని చేసుకోని వాళ్ళకి మన పన్నులెందుకు?" ఒక్క రాత్రి లెక్కపెట్టడానికి రండి. మీరుండే అపార్టుమెంటు కట్టిన చేతులే అక్కడ కనిపిస్తాయి.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇది ఇండియా జబ్బు అని నవ్వుకోనక్కర్లేదు. 2024 జనవరి లెక్కలో అక్కడ ఇళ్ళులేనివాళ్ళు 7,71,480 మంది. అంతకుముందు ఏడాదికన్నా 18 శాతం ఎక్కువ. అక్కడి హడ్ శాఖ 'కంటిన్యుయమ్ ఆఫ్ కేర్' గ్రాంటుకి స్థానిక సంస్థలన్నీ కలిసి దరఖాస్తు పెట్టాలి, అద్దెకి తీసుకునే ఖర్చు మినహా మిగతాదానికి 25 శాతం వాటా తామే చూపించాలి. ఆ వాటాలో, ఒప్పందం ప్రకారం నమోదు చేసిన సేవల గంటలకి కూడా విలువ కడతారు. అంటే మీరు శనివారం కూర్చుని వాళ్ళ డేటాబేసు సరిచేస్తే అది కూడా లెక్కలోకి రావచ్చు. జనవరి చివర్లో జరిగే లెక్కింపుకైతే వాలంటీర్లు ఎప్పుడూ కావాలి. అక్కడున్నవాళ్ళు అక్కడే మొదలుపెట్టొచ్చు.

ఇక్కడున్నవాళ్ళు చెయ్యగలిగినవి ఇవీ:

1. మీ ఊళ్ళో షెల్టరు నడిపే చిన్న సంస్థని వెతకండి. డబ్బివ్వడానికి ముందు వాళ్ళ ఫైళ్ళు చూపించమనండి. దర్పణ్, 12ఏ, ఆడిట్‌లలో ఏది లేదో చూసి అది పూర్తి చేయించండి.

2. ఏడాదికి రెండుసార్లు, చలికాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి, రాత్రి లెక్క తీయండి. పేర్లూ, ఫోటోలూ వద్దు. అంకెలు చాలు. ఆ మనుషుల బతుకు మన స్టేటస్ మెసేజి కాదు.

3. రోజువారీ హాజరుకి ఓ సాదా షీటు చేసివ్వండి. దయచేసి యాప్ రాయకండి. మీరు ఉద్యోగం మారగానే ఆ యాప్ అనాథ అవుతుంది, వాళ్ళు మళ్ళీ నోటుపుస్తకానికే వస్తారు.

4. రెండో విడత ఆలస్యమైతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల గడువు. అయితే సంస్థ పేరుతో వద్దు, మీ పేరుతో పెట్టండి. రేపు అదే ఆఫీసుకి మళ్ళీ వెళ్ళాల్సింది వాళ్ళు.

5. మునిసిపల్ బడ్జెట్ కాపీ సంపాదించి షెల్టర్ల పద్దు ఉందో లేదో చూడండి. లేకపోతే మీ కార్పొరేటరుని అడగండి. అపార్టుమెంటు ముందు రోడ్డు గురించి అడిగినంత గట్టిగా అడిగితే చాలు.

ఇందులో త్యాగాలేం లేవు, ఫోటోలూ రావు. నెలకో శనివారం పోతుంది. క్లయింటు కోసం వంద పేజీల ప్రపోజలు రాత్రికి రాత్రి తయారుచేసే వాళ్ళం, యాభై మంది పడక కోసం పది పేజీలు రాయలేమా?

మేష్టారికి ఈ మార్చి లోపల మళ్ళీ లెక్కలు అప్పజెప్పాలి. ఆయనకిప్పుడు డెబ్భై నాలుగు. ఎక్సెల్ నేర్చుకుంటున్నారు, కానీ ఆయన నేర్చుకునే లోపల ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. మీ ఊళ్ళో కూడా ఇలాంటి మేష్టారు ఒకరు ఉండే ఉంటారు. మీరేమంటారు?