మందుకు ముందే మలపరీక్ష

అతిసారముతో వచ్చిన రోగికి తోచిన యాంటీబయాటిక్కును ముందుగా నిచ్చి, అది ఫలింపని పిదప మలమును పరీక్షకు బంపు నలవాటు వైద్యశాస్త్రమునకే విరుద్ధము. 1884లో రాబర్టు కాక్ కలకత్తాలో కలరాబీజమును వేరుపఱచిన పిదప రూపుదిద్దుకొన్న ఈ పరీక్షకు మూలసూత్ర మొక్కటియే: మలమునందలి అసంఖ్యాకములైన నిరపాయజీవుల నణచి, కలుపు తీసిన మడిలో పైరువలె రోగకారకమును మాత్రము పెంపొందించు మాధ్యమమున దానిని మొలపింపవలెను. అట్టి మాధ్యమమైన టీసీబీఎస్ అగారుపై కలరాజీవి పసుపుపచ్చని గుంపులుగా పొడసూపును. అది యే మందునకు లొంగునో తేల్చుటతో కలిపి రెండు మూడు దినములు పట్టును. అంతకు ముందే మందు పడినచో బీజము క్షీణించి, రోగమున్నను లేదను ఫలితము రావచ్చును. పీసీఆర్ పరీక్ష కొలది గంటలలోనే జన్యుపదార్థమును గుర్తించునుగాని, మందులను పరీక్షించుటకు సజీవమైన బీజము నీయజాలదు.

ప్రతి విరేచనమునకు నీ పరీక్ష యక్కఱలేదు. రక్తము పడినను, జ్వరము తీవ్రమైనను, ఒకే యూర పలువురు మంచము పట్టినను ఇది యనివార్యము. ఓఆర్ఎస్ ద్రవము నీయుటకు ఫలితమునకై వేచియుండరాదు; నమూనాను మాత్రము తొలి మాత్రకు ముందే సేకరించి, ప్రయోగశాల దూరమైనచో కేరీబ్లెయిర్ మాధ్యమమున భద్రపఱచి పంపవలెను. ఇందుకు వలసిన సామగ్రిని ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు సమకూర్చుట ప్రభుత్వముల కర్తవ్యము.