సంతకానికెంత? తీగలకెంత?

మొన్న కమ్మర్‌పల్లి బస్టాండులో మా వీధి కుర్రాడు నన్నాపాడు. "అన్నా, నిజామాబాద్ల పసుపు అమ్మినం. నాయిన పైసలిస్తనన్నడు. బేస్ గిటార్ కొంట, పెద్దాయన సంతకం ఉన్నదే కొంట!" అన్నాడు.

కంపెనీవాళ్ళు కళాకారుల పేరుతో గిటార్లు అమ్మడం తప్పా? నన్నడిగితే తప్పు కాదు. కాకపోతే ఆయన చెయ్యి అందులో ఉండాలి సుమా! అమెరికాలో జాకో పాస్టోరియస్ మెట్లు తీసేసిన 1962 నాటి బేస్ వాయించేవాడు. తీగల రాపిడికి కర్ర అరగకుండా పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. ఆ నాదం అలా పుట్టింది. 1987లో పోయాడు పాపం. ఫెండర్ వారు ఆయన పేరుతో గిటారు తెచ్చింది 1999లో!

కెనడా గెడ్డీ లీ సంగతి ఇంకా తమాషా. తాకట్టు కొట్లో 200 డాలర్లకు 1972 నాటి బేస్ కొన్నాడు. దాని నమూనాతోనే 1998లో ఆయన పేరిట గిటారొచ్చింది. ఆయన కొన్నదాని మీద మాత్రం ఎవరి సంతకమూ లేదు!

అన్నట్టు, ఇళయరాజా పాటల్లో బేస్ వాయించిన శశిధరన్ పేరు మీలో ఎందరు విన్నారు? పాటలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. ఆయన పేరుతో గిటారొస్తే క్యూలో మొదట నేనే.

కుర్రాడికి మాత్రం పేరు లేనిదే కొనుక్కుని, మిగిలిన డబ్బుతో మంచి ఆంప్లిఫయర్ తెచ్చుకోమన్నాను. మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళాడు. రాత్రి మళ్ళీ తలుపు కొట్టాడు.

"అన్నా, దుకాణానికి ఎప్పుడు పోదాం?"